చెవి యొగ్గు చెలిమి

మా యీడు పిల్లలకు మనసు కలతపడినప్పుడు వారు మొట్టమొదట ఎవరితో చెప్పుకొందురు? తల్లితోననియో, తండ్రితోననియో, ఉపాధ్యాయునితోననియో పెద్దలు సమాధానము కోరుదురు. నిజము వేఱుగా నున్నది. నేడు మా ప్రాంతమున పదునాలుగేండ్ల బాలునికో బాలికకో దిగులు కలిగినచో, ఆ దిగులు మొదట చేరునది చేతిలోని ఫోనును. అందుండి తన తోడి విద్యార్థిని. రాత్రి పది దాటిన పిమ్మట "పడుకున్నావా?" అని యొక చిన్న సందేశము పోవును. "లేదు, చెప్పు" అని బదులు వచ్చును. అసలు మాట అప్పుడు మొదలగును.

ఇది మంచిదా, చెడ్డదా యని పెద్దలు వాదించుచున్నారు. వాన కురియుచుండగా, కురియవచ్చునా కూడదా యని విచారించుట వంటిది ఆ వాదము. ఫోనులో పిల్లలు పిల్లలకు ధైర్యము చెప్పుకొనుట ఇదివరకే జరుగుచున్నది, రేపును జరుగును. మేము విచారింపదలచినది వేఱొకటి. ఆ రాత్రివేళ "చెప్పు" అన్న పిల్లవాని వెనుక నిలిచినవారెవరు? ఎవరును లేరేని, ఆ చెలిమి ఒకనాడు మోయలేని బరువును మోయవలసి వచ్చును. వెనుక ఒక పెద్దదిక్కు ఉన్నయెడల, అంతటి చేరువైన సాయము మఱొకటి యుండదు. ఈ విషయమై మా పాఠశాల పెద్దలును, మా తలిదండ్రులును ఒక నిర్ణయమునకు రావలెనని కోరుచు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా ఊరి సంగతి ఎరుగనివారికై కొంత చెప్పవలసియున్నది. బొమ్మసంద్ర బెంగళూరు నగర జిల్లాలో, ఆనేకల్ తాలూకాలో, హోసూరు రహదారిని అంటియున్నది. పేరులోని "సంద్ర" సముద్రమే. అనగా పెద్ద చెరువు. నేడు చెరువుకన్న పారిశ్రామికవాడగానే ఈ యూరు లోకమునకు తెలియును. మందులు చేయువారు, యంత్రభాగములు చేయువారు, బట్టలు కుట్టువారు ఈ చుట్టుప్రక్కల వేలకొలదిగా నున్నారు. గుండెజబ్బుల వైద్యమునకు పేరొందిన నారాయణ ఆసుపత్రి ఇచ్చటనే యున్నది. 2025 ఆగస్టు నెలలో మెట్రో రైలు పసుపు మార్గము ఆర్.వి. రోడ్డునుండి మా ఊరివరకు వచ్చినది. ఈ కర్మాగారములలో పని వెదకికొనుచు కుప్పము, పలమనేరు, మదనపల్లె, హిందూపురము వైపులనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు అనేకము. అంతకు ముందే తరతరములుగా ఈ తాలూకాలోనే యున్న తెలుగు కుటుంబములును కలవు. వారిని వలస వచ్చినవారనుట తప్పు. 2011 జనాభా లెక్కలలో కర్ణాటకమున తెలుగు తమ మాతృభాష యని చెప్పినవారు 35 లక్షలకు పైబడి యుండిరి.

ఇట్టి ఇండ్లలో తండ్రి మొదటి షిఫ్టునకు తెల్లవారకమునుపే పోవును. తల్లి బట్టల ఫ్యాక్టరీనుండి చీకటిపడిన పిమ్మట వచ్చును. వచ్చినతోడనే పొయ్యి, గిన్నెలు, బిందెలు. ఉన్నది ఒకటే గది. చదువుట, వండుట, పరుండుట అన్నియు అందులోనే. అందులో ఒక పిల్ల కంటతడి పెట్టినచో నలుగురును చూతురు, "ఏమైందే?" అని అడుగుదురు. ఏమియు లేదని పిల్ల మొగము త్రిప్పుకొనును. ఏడ్చుటకు చోటు లేని ఇండ్లవి. కనుకనే మేడమెట్లమీద కూర్చుండి ఫోనులో గుసగుసలాడు పిల్లలను మా వీథులలో ప్రతి సాయంకాలము చూడవచ్చును. వారందఱును ఆటలాడుచున్నారని పెద్దలనుకొందురు. కొందఱు నిజముగా ఆటలే యాడుచున్నారు. అది వేఱు సంగతి.

తలిదండ్రులను నిందించుట మా యుద్దేశము కాదు. పగలంతయు మిషను ముందు కూర్చుండి నడుము పట్టిపోయి వచ్చిన తల్లితో "అమ్మా, నా మనసు బాగాలేదు" అని చెప్పుటకు మాకు నోరు రాదు. చెప్పినచో ఆమెకు మఱియొక భారము. పైగా రానున్న సమాధానము మాకు ముందే తెలియును: "మా కాలంలో తిండికే గతిలేదు, మీకీ దిగుళ్లెక్కడివి?" వారి కష్టము సత్యమే. అయినను ఆ మాట విన్న పిల్లవాడు రెండవమారు నోరు తెఱవడు.

దిగులు ముదిరినచో వైద్యుని చూడవచ్చును గదా యందురు. చూడవచ్చును. దేశమంతటికిని పేరుగన్న మానసిక వైద్యశాల మాకు ఇరువది కిలోమీటరుల లోపున, ఇదే హోసూరు రహదారిమీద నున్నది. దాని మూలము 1847లో బెంగళూరున నెలకొల్పిన పిచ్చాసుపత్రి. 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడినది. 1974 డిసెంబరులో ఆసుపత్రియు సంస్థయు ఒకటై నిమ్హాన్స్ అయినది. అట్టి చోటి పేరు మా పిల్లల నోట ఎట్లు వినబడుచున్నది? ఎవడైన తిక్కగా మాటాడినచో "వీణ్ణి నిమ్హాన్స్‌లో చేర్పించాలి" అని పరిహాసము. పేరే ఒక తిట్టయినచోట, అచ్చటికి తన్ను తీసికొనిపొమ్మని ఏ పిల్లవాడు అడుగును?

ఆ సంస్థవారే 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపిరి. పదమూడు మొదలు పదునేడేండ్లవారిలో నూటికి 7.3 మందికి ఏదో యొక మానసిక రుగ్మత కలదని అందు తేలినది. నలువదిమంది కూర్చుండు తరగతిలో ఇది సుమారు ముగ్గురి లెక్క. ఏ ముగ్గురో ఉపాధ్యాయునికి తెలియదు. ఒక్కొక్కప్పుడు ఆ ముగ్గురికే తెలియదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారము 2022లో దేశమున ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,044 మంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడినప్పుడు మార్కుల లెక్కలో దొర్లిన తప్పులపై రాష్ట్రమంతట ఆందోళన చెలరేగినది. ఆ కొలది దినములలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఇట్టి మరణమునకు ఒక్కటే కారణముండదని వైద్యులు చెప్పుదురు. మార్కుల వెనుక అప్పులు, ఇంటి తగవులు, ఎవరితోను చెప్పుకొనని రోగము, అన్నియు నుండవచ్చును. కాని ఆ వారములో వారిలో ఎందఱకు మాటాడుటకు మనిషి యుండెనో యని మేము తలపోయకుండ నుండలేకున్నాము.

విశాఖపట్టణమున వైద్య ప్రవేశ పరీక్షకు చదువుకొనుచు మరణించిన పదునేడేండ్ల విద్యార్థిని వ్యవహారమున 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దేశమందలి విద్యాసంస్థలకు పదునైదు మార్గదర్శక సూత్రములను అందులో విధించినది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థయు పిల్లల మనస్తత్వమందు శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణునో, సామాజిక కార్యకర్తనో ఒక్కరినైనను నియమింపవలెననునది వానిలో నొకటి. అంతకు తక్కువ విద్యార్థులున్నచో బయటి నిపుణులతో సంబంధము పెట్టుకొనవలెను. ఇది మేము కోరు పెద్దదిక్కునకు న్యాయస్థానమే వేసిన పునాది. ఆ మనిషికి తెలుగు కూడ రావలెనని మా వంటి పాఠశాలలవారము అదనముగా కోరుచున్నాము.

భాష మాట ఎందుకు తెచ్చితిమనగా, అది చిన్న సంగతి కాదు. వీథిలో కన్నడము, ఫ్యాక్టరీలో హిందీ, అత్తిబెలె దాటినచో తమిళము, పై చదువునకు ఇంగ్లీషు. మా పిల్లలు ఈ భాషలన్నిటిలోను బేరమాడగలరు, క్రికెట్టు ఆడగలరు. కాని "నాకు గుబులుగా ఉంది" అను మాటను ఇంగ్లీషులో చెప్పుమనినచో నోరు కట్టువడును. దిగులు వేఱు, గుబులు వేఱు, బెంగ వేఱు. అమ్మమ్మ ఊరిలో వదలి వచ్చిన చెల్లెలికై కలుగునది బెంగ. పరీక్షకు ముందునాటి రాత్రి కలుగునది గుబులు. ఏ కారణమును లేకయే వారముల తరబడి అన్నము సయింపనిది దిగులు. ఈ మూటికి మందు ఒకటి కాదు. వినువానికి ఈ తేడాలు తెలియవలెను. తోటి తెలుగు పిల్లవానికి అవి చెప్పనక్కరలేకయే తెలియును. వాని సాయమునకు గల బలము అదియే.

తోటివాని ఈ బలము క్రొత్తగా కనిపెట్టినది కాదు. లండను నగరమున 1953లో చాడ్ వరా అను క్రైస్తవ మతాచార్యుడు, చావవలెనని తలచువారు తనకు ఫోను చేసి మాటాడవచ్చునని ప్రకటించెను. ఆయన ఆ పనికి పూనుకొనుటకు కారణమైనది, అంతకు పదునెనిమిదేండ్ల మునుపు 1935లో తాను అంత్యక్రియలు జరిపించిన యొక బాలిక. ఆమె ఈడేరినప్పుడు దానిని ఏదో సిగ్గుచేటైన జబ్బని భ్రమించి, అడుగుటకు ఎవరును లేక ప్రాణము తీసికొన్నది. వరా ప్రకటన చూచి జనులు రాసాగిరి. ఆయన ఒక్కడే, వచ్చువారు పెక్కురు. వేచియుండువారికి టీ కాచి యిచ్చుటకు కొందఱు సామాన్యులు ముందుకు వచ్చిరి. అంతట ఒక వింత జరిగినది. టీ త్రాగుచు వారితో మాటాడినవారిలో అనేకులు తమ మనసు తేలికయైనదని, ఇక ఆచార్యుని చూడనక్కరలేదని వెడలిపోవుచుండిరి. వరా తెలివైనవాడు. 1954 ఫిబ్రవరిలో ఫోనును ఆ టీ యిచ్చువారి చేతికే అప్పగించెను. సమారిటన్స్ అను సంస్థ అట్లు పుట్టినది. అయితే ఆయన వారిని గాలికి వదలలేదు. ఎవరు వినదగినవారో ఎంచుకొనెను. వారికి మించిన సంగతులు వచ్చినప్పుడు చేర్పించుటకు తాను వెనుక నిలిచెను. మా వాదమంతయు ఈ చివరి మాటలో నున్నది.

మన దక్షిణదేశమున చెన్నపట్టణములో 1986లో మానసిక వైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన "స్నేహ", హైదరాబాదులోని "రోష్ని" ఈ త్రోవనే నడచినవి. కాలము మాఱిన కొలది మాటలతోపాటు వ్రాతయు వచ్చినది. సమారిటన్స్‌వారు 1994లోనే ఈమెయిలు ద్వారా ఉత్తరములు స్వీకరింప మొదలిడిరి. 1998లో ఆస్ట్రేలియాలో యువకులకొఱకే రీచౌట్ అను ఆన్‌లైన్ సేవ బయలుదేఱినది. వ్రాతకు ఒక సౌకర్యము కలదు. పలుకునప్పుడు గొంతు వణకును, వ్రాయునప్పుడు వణకదు. ప్రక్కగదిలో నాన్న మేలుకొని యున్నను వ్రాయవచ్చును. అసలు ప్రక్కగదియే లేని ఇండ్లలో ఇది ఎంత సౌకర్యమో చెప్పనేల?

ఈ మధ్య కొందఱు, తోటి పిల్లవాడెందుకు, యంత్రమే బదులు చెప్పునుగదా యనుచున్నారు. నిజమే, కృత్రిమ మేధతో పనిచేయు యంత్రములు ఎంత రాత్రియైనను విసుగుకొనవు. అయినను అమెరికాలో జరిగిన యొక సంగతి వినదగియున్నది. కోకో అను పేర ఒకరికొకరు ఆన్‌లైన్‌లో ధైర్యము చెప్పుకొను ఏర్పాటొకటి కలదు. దాని నిర్వాహకులు, సుమారు 4,000 మందికి పోయిన జవాబులను యంత్రము సాయముతో వ్రాయించి చూచితిమని 2023 జనవరిలో వెల్లడించిరి. మనుషులు తామే వ్రాసిన జవాబులకన్న ఆ జవాబులకు ఎక్కువ మెప్పు వచ్చినది; కాని వానిని వ్రాయుటలో యంత్రము చేయి యున్నదని తెలిసినంతనే ఆ మెప్పు నిలువలేదని, ఆ ప్రయోగమును మానివేసితిమని వారే చెప్పిరి. జవాబు బాగుండుట వేఱు. మనకొఱకు నొకడు నిద్ర మానుకొని కూర్చుండుట వేఱు. పిల్లలకు కావలసినది రెండవది. (పై పెచ్చు, అడుగక చేసిన ఈ ప్రయోగమును లోకము తప్పుపట్టినది, అదియు న్యాయమే.)

ఇంతవరకు మేలు చెప్పితిమి. కీడును దాచరాదు. పిల్లల ఆన్‌లైన్ పరస్పర సాయమును గూర్చి జరిగిన పరిశోధనలన్నిటిని 2015లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వెదకి చూడగా, వ్రేళ్లమీద లెక్కింపదగినవే దొరకినవి. వాని ఫలితములును ఒక త్రోవన లేవు. కనుక ఫోనులో ఒక గుంపు పెట్టినంతనే పిల్లల మనసులు కుదుటపడునని చెప్పువారిని నమ్మవలదు.

మొదటి కీడు కలసి నెమరువేయుట. ఇద్దఱు స్నేహితురాండ్రు ఒకే దుఃఖమును రాత్రింబవళ్లు తిరుగవేసి మరుగవేసి మాటాడుకొనుట మనమెఱిగినదే. 2002లో అమెరికాలో అమాండా రోజ్ అను శాస్త్రజ్ఞురాలు దీనిని పరిశీలించి, ఇట్లు మాటాడుకొనువారి స్నేహము గట్టిపడును గాని, దిగులును వారిలో అధికముగా నుండునని తేల్చెను. 2007లో ఆమెయే ప్రకటించిన మఱియొక పరిశోధన, ఆడపిల్లలలో ఇట్టి మాటలు ముందుముందు దిగులును పెంచునని చూపినది. చూచితిరా ఈ చిక్కు! స్నేహము తియ్యబడుచుండుటచేత కీడు జరుగుచున్నట్లు ఎవరికిని తోచదు. పెద్దవారొకరు ప్రక్కనున్నచో, "సరే, ఏడ్చితిమి, రేపు ఉదయము ఏమి చేయుదము?" అని మాటను మలుపు త్రిప్పుదురు. మలుపు త్రిప్పువారు లేని గుంపు సుడిగుండమగును.

రెండవ కీడు అంటుకొనుట. 1774లో జర్మను రచయిత గేటే వ్రాసిన వెర్థర్ నవలలోని నాయకుని అనుకరించి యువకులు చనిపోవుచున్నారను భయముతో లైప్‌జిగ్ నగరమున ఆ పుస్తకమును నిషేధించిరి. ఆ భయము నిజమో కాదో గాని, ఆత్మహత్యల వార్తలను పత్రికలు పెద్దగా చాటినపుడు అవి పెరుగుట కలదని 1974లో డేవిడ్ ఫిలిప్స్ లెక్కలతో చూపెను. పత్రికకు సంపాదకుడైన నుండును. పిల్లల గుంపునకు ఎవరున్నారు? ఎవరో చనిపోయిన విధమును మఱియొకరు అర్ధరాత్రి అందఱికిని పంపినచో ఆపువారెవరు?

మూడవది అన్నిటికన్న గడ్డుది. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అను మాట. పిల్లల లోకమున ఒట్టుకు మించిన ధర్మము లేదు. రహస్యము చెప్పినవానిని పట్టియిచ్చువాడు మా దృష్టిలో ద్రోహి. మార్కులు దాచిన సంగతియైనచో ఆ ధర్మము ధర్మమే. కాని "నాకు బ్రతకాలని లేదు" అను మాటపై వేయించుకొన్న ఒట్టు, వినినవాని మెడకు కట్టిన రాయి. పదునైదేండ్ల పిల్లవాడు తెల్లవారుదాక ఫోను చేతబట్టుకొని, తాను నిద్రపోయినచో స్నేహితుడు ఏమగునో యని కాపలా కాయుట న్యాయమా? మఱునాడు తరగతిలో వాడు కునికినచో దెబ్బలు వానికే. ఏదైన జరుగరానిది జరిగినచో ఆ నేరము తనదే యని జన్మమంతయు తలచును. ఇట్టి బరువును పిల్లలపై వదలి, "మీరు మీరు చూచుకొనుచున్నారు, సంతోషము" అను పెద్దలు లేకపోలేదు.

కనుక ఒట్టు వేయుటకు ముందే హద్దు చెప్పవలెను. "నీవేమి చెప్పినను ఎవరికిని చెప్పను. కాని చచ్చిపోవలెనను తలంపైనను, నిన్నెవరైన కొట్టుట, హింసించుట, చేయరానిది చేయుట జరిగినను, ఇవి మాత్రము మన అక్కయ్యగారికి చెప్పుదును. నీతో చెప్పియే చెప్పుదును." ఈ మాట మొదటి దినముననే, అందఱికిని చెప్పియుంచినచో పిదప చెప్పుట ద్రోహము కాదు, ముందే కుదిరిన ఒప్పందము. ఒకవేళ హద్దు విని కొందఱు నోరు మూసికొందురేమో? మూసికొందురు. ఆ నష్టమును మేము ఒప్పుకొనుచున్నాము. హద్దు లేకుండుటవలన కలుగు నష్టము అంతకన్న పెద్దదని మా తీర్పు.

పేరు దాచుట సంగతి మఱియొక చిక్కు. ఎవరో తెలియనిచోటనే పిల్లలు మనసు విప్పుదురు. మా వంటి చిన్న పేటలో ఒకరి మాట రాత్రికి రాత్రి నీళ్ల కొళాయి దగ్గఱకు చేరును. అట్లని ఊరు పేరు తెలియని గుంపులలో ఎవరు పిల్లవాడో, ఎవరు పిల్లవాని వేషము వేసిన పెద్దవాడో తెలిసికొనుట యెట్లు? మేము ఆలోచించి ఒక మధ్యేమార్గమునకు వచ్చితిమి. గుంపులోనివారికి పేరు తెలియరాదు. బాధ్యత వహించు ఉపాధ్యాయినికి మాత్రము తెలియవలెను. తెరమీది సందేశమును స్క్రీన్‌షాట్ తీసి ఇతరులకు పంపినవారిని గుంపునుండి తొలగింపవలెను, రెండవ అవకాశము ఈయరాదు. ఈ యొక్క సంగతిలో మాకు దయ లేదు.

చట్టము సంగతియు కలదు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును వాడుటకు తలిదండ్రుల అనుమతి యుండవలెనని చెప్పుచున్నది. మంచి రక్షణయే. కాని ఇంటిలోనే బాధయున్న పిల్ల, ఇంటివారి అనుమతి ఏ ముఖముతో అడుగును? దీనికి ఉపాయము కష్టము కాదు. విద్యా సంవత్సరము మొదటనే, ఎవరికిని ఏ బాధయు లేనప్పుడే, అందఱు పిల్లల తలిదండ్రులవద్దను ఒకే కాగితముమీద సంతకములు తీసికొనవచ్చును. అందఱు సంతకము పెట్టినచో, ఎవరు వాడుకొనుచున్నారో ఎవరికిని తెలియదు. మధ్యాహ్న భోజనపు పట్టికవలె అదియు ఒక కాగితము.

ఇక వేళ. అర్ధరాత్రి గుంపు తెఱచియుండుటకు మేము వ్యతిరేకులము. సాయంకాలము ఏడునుండి తొమ్మిదిన్నరవరకు తొమ్మిది, పది తరగతులనుండి ఎంచిన కొందఱు వంతులవారీగా వినవలెను. వారికి ముందుగా కౌన్సెలర్ కొన్ని దినములు శిక్షణ ఈయవలెను. వారమునకొకమారు వారి బరువు వారు దింపుకొనుటకు ఆమెయే కూర్చుండి వినవలెను. వినలేక మానుకొనదలచినవానిని ఎందుకని అడుగరాదు. తొమ్మిదిన్నర తరువాత గుంపులో కనబడవలసినది ఒక్క సంఖ్య: 14416. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ. రాత్రింబవళ్లు పనిచేయును, రుసుము లేదు, ఇరువది భాషలలో మాటాడవచ్చును, వానిలో తెలుగును ఉన్నది. 2025లో ఈ సేవకు వచ్చిన పిలుపులు ఇరువది లక్షలు దాటినవి. దేశమంతటికిని దీనిని నడపువారిలో ముఖ్యులు మనము పరిహాసమాడు ఆ నిమ్హాన్స్‌వారే! ఇంటిలో హింస పడువారికి 1098 వేఱుగా నున్నది. పరీక్ష పోయిన దుఃఖమునకు ఈ సంఖ్యలేవియు అక్కరలేకయే ఒక్క వార్త చాలవచ్చును: 2024లో కర్ణాటకమున పదవ తరగతికి ఒకే సంవత్సరమున ఒకటికి మించి పరీక్షలు వ్రాయు పద్ధతి వచ్చినది, ఒకమారు తప్పినవానికి ఏడాది పోదు. ఫలితముల దినమున ఈ మాట మొదట చెప్పదగినవాడు, కిందటేడు తప్పి పిదప గట్టెక్కిన మా సీనియరే.

మా ఉపాధ్యాయులలో కొందఱు, ఫోనులు పాఠశాలకు తేరాదని మేము చెప్పుచుండగా మీరు ఫోనులో గుంపు పెట్టుమనుచున్నారే యని నవ్విరి. తరగతిలో ఫోను వలదనుటను మేమును ఒప్పుకొందుము. మేము కోరునది ఇంటివద్ద గడచు ఆ రెండున్నర గంటలనుగూర్చి మాత్రమే.

అయితే ఫోను లేనివారి మాట ఏమి? ఆడపిల్లలలో అనేకులకు తల్లి ఫోనే తన ఫోను. అన్నయో తండ్రియో అందలి సందేశములన్నియు చదువును. మేము ఇంతవరకు వ్రాసిన ఏర్పాటు వారికి అక్కరకు రాదు. వారికొఱకు జింబాబ్వే దేశపు మార్గము చూడదగినది. అచ్చట వైద్యులు కొఱవడగా, మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో ఊరి అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రముల ఆవరణలలో బెంచీలమీద కూర్చుండబెట్టెను. వచ్చినవారు అవ్వ ప్రక్కన కూర్చుండి తమ కష్టము చెప్పుకొందురు. అది పనిచేసినదని 2016లో పరిశోధన ద్వారా రుజువైనది. అచ్చట యంత్రము లేదు, ఖర్చు లేదు. బెంచీయు, విను మనిషియు నున్నచో చాలును.

మా పాఠశాలకు కౌన్సెలర్ వచ్చువఱకు, తెలుగు పంతులమ్మలలో ఒకరిని వారమునకు రెండు దినములు అన్నముల వేళ ఇట్లు కూర్చుండుమని ప్రధానోపాధ్యాయులవారిని కోరుచున్నాము. వాకిటి వేపచెట్టు క్రింద ఒక సిమెంటు బెంచీ యున్నది. ఆ వేళ అచ్చట ఎండ పడదు. తరగతి గదులనుండి చూచువారికి కూర్చున్నవారి వీపులే కనబడును, ముఖములు కనబడవు.